తొట్టిలో తెల్లపొడి

జూన్ 2, ఉదయం 6
ఆల్చిప్ప పిల్లలు మళ్లీ చచ్చాయి. మూడో బ్యాచ్. లక్షల ప్రాణాలు తొట్టి అడుగున బూడిదలా పేరుకున్నాయి. ఇంకో బ్యాచ్ పోతే హేచరీ మూసేస్తానన్నాడు యజమాని. పదకొండు కుటుంబాల కూడు ఇది.
మాలో ఎవరో శాపం మోస్తున్నారు. వాక్యం చదివినవాణ్ణి, నాకు తెలియదా!

జూన్ 4
నా సొంత చెల్లెలే! ల్యాబ్ చూసేది తనే. పైపులు కడిగే వంకతో కనిపెట్టాను. తొట్టిలో తెల్లపొడి కలుపుతోంది. ఏమిటే అది అంటే, సోడా అన్నయ్యా, సముద్రానికి పులితేన్పులు వస్తున్నాయి, మందేస్తున్నా అని నవ్వింది. లోకంలోని పొగ సముద్రంలో కరిగి నీళ్లు యాసిడ్ అవుతున్నాయట. పసివాటికి చిప్ప కట్టడం లేదట.
పొగ పైకి పోతుంది గానీ నీళ్లలోకి దిగుతుందా? నా చెవిలో పువ్వు పెడుతోంది.

జూన్ 5
దొరికింది! ఆమె రాసుకునే పుస్తకం చూశాను. సముద్రపు నీటి pH ఒకప్పుడు 8.1, ఇప్పుడు 7.7. తగ్గింది! నోటితో యాసిడ్ పెరిగిందంటుంది, చేత్తో తగ్గిందని రాస్తుంది. మా ఆవిడకు చెబితే, మీ చెల్లి చీమను కూడా తొక్కదు, మీరు ఆరో క్లాసు లెక్కల్లో మూడుసార్లు తప్పారు, నోరు మూసుకోండి అంది.
మూసుకోను.

జూన్ 7, ఆదివారం
చర్చిలో గంటన్నర ప్రసంగించాను. దొంగ మన గుడారంలోనే ఉంది అని బల్ల గుద్దాను. పేరు చెప్పలేదు. తలలన్నీ చెల్లెలి వైపే తిరిగాయి. భుజాలు తడుముకుంటుందని చూశాను. తడుముకోలేదు. నన్నే చూస్తూ కూర్చుంది. ఎంత గుండె!

జూన్ 8
నాలుగో బ్యాచ్ వేశారు. ఆమె డబ్బాలోని పొడి కాలువలో పోసి, ఉప్పు నింపి, ప్రార్థించాను. బైబిల్లో ప్రవక్త ఉప్పు వేసి చెడ్డ నీళ్లను బాగుచేయలేదా?

జూన్ 9
రెండుసార్లు పొడి వేసినా అంకె పెరగడం లేదని గొణుగుతోంది. మీటరు పాడైందనుకుని మెకానిక్‌కు ఫోన్ చేసింది. నాలో నేను నవ్వుకున్నాను.

జూన్ 10
అన్నీ పోయాయి.
నా ప్రసంగం సంగతి యజమాని చెవిన పడిందట. చెల్లెల్ని వెళ్లిపొమ్మన్నాడు. నేను కాళ్లావేళ్లా పడితే చిట్టచివరి బ్యాచ్ ఒకటి నా చేతిలో పెట్టాడు. ఆమె పొడి పడలేదు కదా, ఎందుకు చచ్చాయి?

జూన్ 11
మెకానిక్ వచ్చాడు. మీటరు బంగారంలా ఉంది అన్నాడు. మరి యాసిడ్ పెరిగితే అంకె పెరగాలి కదా అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. యాసిడ్ పెరిగే కొద్దీ అంకె తగ్గుతుంది పెద్దాయనా, సోడా వేస్తే మళ్లీ పైకి లేస్తుంది, ఇక్కడుండి ఆ మాత్రం తెలీదా అన్నాడు.
తిరగేసి చదివింది నేను.

జూన్ 12
యజమానికంతా చెప్పాను. ఉమ్మినంత పనిచేశాడు. చెల్లెలింటికి తాళం. సోడా కొలతలున్న పుస్తకం తనతోనే పట్టుకెళ్లింది. పదిహేనుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

జూన్ 13, ఉదయం 6
7.7. కొత్త సోడా బస్తా విప్పాను.
చారెడా, దోసెడా?