చేతి అద్దం

ఆత్రేయపురం,
2003

సూరపరాజు అన్నయ్యగారికి నమస్కారం.

టాంజానియా నుంచి సెలవుకి రాగానే ఈయన జ్వరంతో మంచం పట్టారు. ఒంటిమీద పొక్కులు చూసి, అమ్మవారు పోసిందని అత్తయ్యగారు వేపాకుల మీద పడుకోబెట్టి మందు ముట్టనివ్వలేదు. చివరికి నేనే పోట్లాడి రాజమండ్రి తీసుకెళ్ళాను. డాక్టరుగారు వీపు మీద నల్లటి పుండు చూసి, "అక్కడి పశువుల పిడుదు కుట్టిందమ్మా, దాని జ్వరమే ఇది" అన్నారు. మాత్రలకి తగ్గింది.

తేరుకోగానే ఈయన అన్న మొదటి మాట, "అక్కడ మా గదిలో నేను లేను కదా, సూరపరాజు వీపు ఎవరు చూస్తారే?"

పశువుల ఫారం నుంచి రాగానే పిడుదు పట్టిందేమో ఒళ్ళంతా వెతుక్కోండి అన్నయ్యగారూ. ఈ ఉత్తరంతో పంపే పూతరేకుల డబ్బాలో నా చేతి అద్దం పెట్టాను. గోడ అద్దానికి వీపు తిప్పి, ఇందులో చూసుకోండి. ముందు వీపు, తరవాతే మీసం.

మీ చెల్లెలు