రెండు పట్టీల రంగు

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి అమ్మడికి,

మీ అత్తయ్య దీవించి రాస్తున్నది. మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వూ వేళకి తింటూ, ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మీ ఇద్దరి గదికి రంగులు వేయించే పనిలో పడ్డాం. అబ్బాయి పోయాక ఈ మూడేళ్లూ ఆ గోడల జోలికి వెళ్లలేదు కదా. వాడు ఏరికోరి వేయించుకున్న నీలం పెచ్చులూడిపోయింది.

బూడిద కలిసిన ఆకుపచ్చ అయితే కళ్లకి చల్లగా ఉంటుందనుకున్నాం. తీరా కొట్టువాళ్లిచ్చిన రంగుల నమూనా అట్ట చూస్తే ఆ ఒక్క రంగులోనే బోలెడు రకాలు. వడగట్టగా వడగట్టగా రెండు మిగిలాయి. ఒకటి కాస్త పచ్చదనం వైపు, ఇంకోటి కాస్త బూడిద వైపు. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. రంగులేసే మేస్త్రి అయితే, డబ్బాల మీద గుర్తు పెట్టండమ్మా, లేకపోతే సగం గోడ ఇదీ సగం గోడ అదీ వేసేసేలా ఉన్నాను అన్నాడు.

కిటికీ పక్కన రెంటినీ చెరో పట్టీ వేయించాం. పొద్దున రెండూ బాగున్నాయి. సాయంత్రం లైటు వేస్తే పచ్చది పాచి పట్టినట్టు కనిపించింది. సరే, బూడిదదే ఖాయం చేద్దామంటే మీ మామయ్య ససేమిరా అన్నారు. అచ్చం ఆసుపత్రి గోడలా ఉందన్నారు. వాడి చివరి రోజులన్నీ ఆ గోడల మధ్యే గడిచాయి కదమ్మా.

మర్నాడు ఆయనే స్టూలెక్కి పసుపు బల్బు తీసి తెల్లది పెట్టారు. పాచి పోయింది. పచ్చదే వేయించాం.

ఇక నీ సంగతి. ఆఫీసులో పరిచయమైన అబ్బాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నానని రాశావు. ఆ ఒక్క ముక్క రాయడానికి ఎంత సతమతమయ్యావో నీ కొట్టివేతలే చెప్పాయి. నాకు సంతోషమే తల్లీ. మామయ్యకి కోపం వచ్చిందా అని అడిగావు. ఆయన నీ ఉత్తరం చదివి, మడిచి జేబులో పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. మనసులో ఉన్నది పైకి చెప్పే మనిషి కాదని నీకు తెలిసిందే.

రంగు వాసన పోయాక వీలు చూసుకుని రా.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: రాయొద్దన్నారు గానీ రాయకుండా ఉండలేకపోతున్నాను. రంగు మార్చాలన్నది నేను కాదు, మామయ్య. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వెళ్లి ఆ అట్ట తెచ్చారు. ఇప్పుడెందుకండీ అంటే, రేపు అమ్మాయి ఆ కుర్రాణ్ని తీసుకొస్తే, మనవాడి నీలం గోడల మధ్య అతనికి నిద్ర పడుతుందా అన్నారు. ఇన్నేళ్లలో ఆయన నిన్ను కోడలనే తప్ప అమ్మాయి అనడం నేను ఎప్పుడూ వినలేదు.