ముందే రాసిన ఆట

తమ్ముడూ, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. నిన్న క్లబ్బు చదరంగం పోటీలో ఒక ముసలాయనతో నా ఆట డ్రా అయింది. మధ్యలో ఆయన కలం దాచి ఏడిపిద్దామని వంగితే, ఎత్తులు రాసుకునే ఆయన కాగితంలో నలభై ఒక్క ఎత్తులూ, చివర డ్రా అనీ ముందే రాసి ఉన్నాయి. అప్పటికి మేం ఆడింది పన్నెండే. కావాలని ఒక తిక్క ఎత్తు వేశాను. అదీ అందులో ఉంది.

ఆట అయ్యాక "ఏంటి తాతా, జాతకం కూడా రాస్తావా?" అన్నాను.

"నీది అయిపోయింది బాబూ, వెనక చూడు" అన్నాడు.

కాగితం వెనక నీ పేరు. ఎత్తులు పంతొమ్మిదితో ఆగిపోయాయి, ఫలితం లేదు.

నాన్న కళ్లజోడు బాగుచేయించావా? మరదలి దగ్గు తగ్గిందా? ఏ ముసలాయనైనా చదరంగం బల్ల పట్టుకొచ్చి ఆడదామంటే కూర్చోకు. మరదలికీ పిల్లలకీ ఆశీస్సులు. నీకు మాత్రం ఒట్టేసి చెబుతున్నాను: ఇన్నేళ్లూ నేను చెప్పిన అబద్ధాల్లో దీన్ని కలపకు.

అన్నయ్య