స్లామెత్ అంటే క్షేమం కాదని తెలియజేయుట

జిల్లా స్మారక చిహ్నాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: యుద్ధకాలపు కూలీ శిబిరంలో, నీటి ఊట పక్కన తాము నిలిపిన స్మారక శిలపై మృతుడు కస్ది పేరు లేకపోవుట గురించి.

నేను పదకొండో తరగతి విద్యార్థినిని. మా తాతమ్మ తుమిరా తరఫున విన్నవించునది.

1. తాతమ్మకు ఐదేళ్ళప్పుడు ఆమె తండ్రి కస్దిని జపాను సైన్యం రైలు పట్టాలు వేయడానికి పట్టుకుపోయినది. ఏడాది తిరక్కుండా రక్త విరేచనాలతో ఆ శిబిరంలోనే చనిపోయాడు. బతికి వచ్చిన తోటి కూలీ వాగిమన్ ఈ మాట చెప్పాడు.

2. జబ్బు తగ్గకపోతే మనిషి పేరు మార్చడం మన జావా ఆచారం. వాగిమన్ వాళ్ళు కస్దిని ఆ ఊట నీళ్ళతో కడిగి 'స్లామెత్' (మాటకు అర్థం క్షేమమే, ఇక్కడ మాత్రం అది మనిషి పేరు) అని పేరు పెట్టారు. రోగం వచ్చి కస్ది కోసం వెతికితే దొరక్కూడదని. మూడో రోజున పోయాడు.

3. శిబిరం పట్టీలో "కస్ది, స్లామెత్" అని ఉన్నది. తమ కార్యాలయం దానిని "కస్ది, క్షేమం" అని చదివి, మృతుల జాబితాలోంచి తొలగించినది. తమ గేటు దగ్గరి కావలివాడి పేరు కూడా స్లామెత్. రోగం మోసపోలేదు, తమ కార్యాలయం మోసపోయినది. (ఈ వాక్యం కొట్టేయమని అమ్మ చెప్పింది. నిజం కనుక ఉంచాను.)

4. అడగబోతే గుమాస్తాగారు, "బతికే ఉన్నాడని రాసుంటే ఏడుపు మొహాలేంటమ్మా? వెళ్ళి పండగ చేసుకోండి" అన్నారు. తాతమ్మ ఆ మాట నమ్మింది. ఏటా ఉపవాస మాసానికి ముందు ఊట శుభ్రం చేసి, పూలు చల్లి, తండ్రి కోసం ప్రార్థించేది. ఈసారి రానంది. "బతికుండి కూడా నన్ను చూడ్డానికి రాలేదా? అలాంటివాడికి పూలెందుకే?" అంటోంది. ఎనభై ఏళ్ళు తండ్రి కోసం ఏడ్చిన మనిషి ఇప్పుడు ఆయన్ని తిడుతోంది. ఆ తిట్లు వినలేకపోతున్నాము.

కావున ఉపవాస మాసం లోపల ఆ శిలపై కస్ది పేరు చెక్కించి, అతడు చనిపోయినట్లు మా తాతమ్మకు లిఖితపూర్వకంగా తెలియజేయగలందులకు మా విన్నపము చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రెత్నో పాలుపి

తా.క. అర్జీ ముగించేసరికి తాతమ్మకు జ్వరం పెరిగింది. పేరు మార్చమని పొరుగింటి పిన్ని పట్టుబట్టింది. తాతమ్మ ఒప్పుకోలేదు. "నా పేరు ముట్టుకోకండే. మారిస్తే అక్కడ నాన్న నన్నేమని పిలుస్తాడు?" అంది.

అయ్యా, 'అక్కడ' అంది. ఆమెకు తెలిసిపోయింది. ఇక తెలియవలసినది తమ రాయికే.