నెమలి పళ్లెం చేసినవాడు

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం ఎక్కడికీ చేరదని తెలుసు. అయినా హైదరాబాద్ ఇత్తడి మేళా రద్దయిన సంగతి నీకు చెప్పాలనిపించింది.

మొన్న జరిగిన ఉగ్రదాడిలో అంతమంది చనిపోయాక దేశమంతా సంతాపంలో ఉంది. చింతపండుతో తోమిన పళ్లేలన్నీ గుడ్డల్లో చుట్టుకుని జనగామ బస్టాండులో నిలబడ్డప్పుడు ఫోన్ వచ్చింది, ఈసారి మేళా లేదని. మూటలన్నీ మళ్లీ ఆటోలో ఇంటికి తెచ్చాను.

వదిన వాటిని చూసి, "మనకు తెల్వనోళ్ల కోసం గూడ మేళా ఆపిండ్రు. మీ అన్న పోయిన మూడోనాడే నువ్వు మేళాకు పోయి దుకాణం పెట్టినవ్ గదా, శీనూ" అంది. కోపంగా అనలేదు.

ఆమెకు తెలియనిది ఇంకొకటుంది. ఆ రోజు ఒక పెద్ద వ్యాపారి నీ నెమలి పళ్లెం పట్టుకుని, ఎవరు చేశారని అడిగాడు. నువ్వు లేవంటే ఆర్డర్ ఇవ్వడని భయపడి, "మా అన్న చేసిండు సార్, ఊర్లనే ఉన్నడు" అన్నాను. ఏడాదంతా నీ పళ్లెం ముందు పెట్టుకుని నేనే అలాంటివి ఇత్తడి రేకు మీద కొట్టి, నువ్వు చేసినవని పంపాను. ఒక్క నెమలి మెడ కూడా నీ చేతిలో వంగినట్టు వంగలేదు. ఈసారి మేళాకు నిన్ను తీసుకురమ్మని ఆయన పోయిన నెలలోనే చెప్పాడు.

అందుకే బస్టాండులో ఆ ఫోన్ రాగానే, అంతమంది పోయారని తెలిసి కూడా, ముందు అమ్మయ్య అనుకున్నాను.

ఇందాక ఆయనే ఫోన్ చేశాడు. మేళా ఎట్లాగూ లేదు కాబట్టి రేపు మన ఊరికే వచ్చి నిన్ను చూసిపోతాడట.

రేపు నీ సంవత్సరీకమని తెలిసే రమ్మన్నాను.