రంగులు రాని జాబితా

బుధవారం

బడా బజార్ రామమందిరం కమిటీలో, పూజలకు పిలవాల్సిన కుటుంబాల జాబితాను ఆరేళ్ళుగా ఎక్సెల్‌లో నేనే రాస్తున్నాను. ఈ రోజు, మొన్న కమిటీలో చేరిన సింహాచలం దాన్ని అందరి ఫోన్లలో తెరుచుకునే కొత్త షీట్‌లోకి ఎక్కించాడు. అరగంట పట్టింది.

"సూసారేటి బాబాయ్! మీరు రోజంతా కూకుని తంటాలు పడీవోరు. సింహాచలం మావ సిటికెలో తేల్సేసాడు," అంది కార్యదర్శి లక్ష్మి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతనికి రెండోసారి టీ పోశారు. నన్ను అడగలేదు.

ఇంటికొచ్చి ఫోనులో చూశాను. పేర్లన్నీ ఉన్నాయి, రంగులు లేవు. అతను ఎక్కించింది సీఎస్‌వీ ఫైలుగా మార్చి; అందులో అక్షరాలే వెళతాయి, రంగులు రావు. మనిషి పోయి ఏడాది తిరగని ఇళ్ళకు నేను పసుపు రంగు వేసేవాణ్ణి, పూజకు పీటల మీద కూర్చోమని వాళ్ళను పిలవకూడదని. ఆ సంగతి ఎక్కడా మాటల్లో రాయలేదు. అది నా తప్పే.

మొదట సంతోషించాను. రేపు పూజకు పిలవడానికి ఫోన్లు చేసి చీవాట్లు తింటాడు కదా అని. కానీ మూడో పేరు గోసాని నువాగాం పేటలో ఉండే పార్వతమ్మది. భర్త పోయి రెండు నెలలే. "దంపతులిద్దరూ రండమ్మా" అని ఆమెకు ఫోను వెళితే...

సింహాచలానికి ఫోను చేసి చెప్పాను.

"ఓర్నాయనో! ఆ ఇళ్ళేటో సెప్పు బావా, ఇప్పుడే సరిసేసేత్తాను," అన్నాడు. నా పాత ఎక్సెల్ తెరిచి చదివి చెప్పాను.

పావుగంటలో కమిటీ వాట్సాప్ గ్రూపులో అతని మెసేజ్ వచ్చింది. జాబితాలో పొరపాటు గుర్తించి సరిచేశానని. నా పేరు లేదు. లక్ష్మి దండం బొమ్మ పెట్టింది. నేనూ ఒకటి పెట్టాను. తర్వాత తీసేశాను.