పోతమ్మ మీద కూలిన గోడ

భీమిలి రోడ్డు క్యాంపు,
26 మే 1985

నాన్నగారికి గౌరీశ్వరి నమస్కరించి రాసేది.

కంచరపాలెంలో అమ్మకు, ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. గనిలో దుమ్ముకి వచ్చిన మీ దగ్గు తగ్గిందో లేదో రాయండి.

కిరండుల్ నుంచి మీ ఉత్తరం అందింది. గునపం పట్టడానికి ఎం.ఏ. చదవాలా అని అడిగారు. పురావస్తు తవ్వకాల్లో గునపం కూలీలది నాన్నా. మాకు తాపీ, బ్రష్షు. మట్టిని పొరపొరగా గీకుతూ, రంగు మారిన ప్రతిచోటా కొలతలు రాసుకోవాలి. పోయినవారం నా గుంటలో బౌద్ధ భిక్షువుల కాలంనాటి ఇటుకల వరస బయటపడింది. మాకు నేర్పే గురునాథరావు మాస్టారు మెచ్చుకున్నారు.

గుంట ఎంత లోతని కూడా అడిగారు. నడుం లోతని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. నా తల మునిగేంత లోతు. తెలిస్తే ఇంటికి వెళ్లిపొమ్మంటారని అలా రాశాను.

మంగళవారం గుంట గోడలో ఒక కుండ అంచు కనబడింది. గోడలోకి తవ్వకూడదని మొదటిరోజే చెప్పారు. అయినా ఆ కుండ తీసి అందరికీ చూపించాలన్న ఆశతో అడుగున మోచెయ్యి పట్టేంత తొలిచాను. మాస్టారు అటు వస్తుంటే మట్టితట్ట అడ్డం పెట్టాను. తర్వాత భోజనానికి పైకి వచ్చేశాను. మట్టి ఎత్తడానికి మా కూలీ పోతమ్మ గుంటలోకి దిగింది.

గోడ కూలితే పెద్ద చప్పుడేమీ రాలేదు. బియ్యం బస్తా దించినట్టు, అంతే. పరిగెత్తుకెళ్లి చూస్తే మట్టిలోంచి గాజుల చెయ్యొకటి పైకి ఉంది.

కూలీలు చేతులతోనే మట్టి తోడి ఆమెను లాగారు. ఊపిరి ఉంది. కాలు రెండుచోట్ల విరిగింది.

గోడలు సరిచేసే జగ్గయ్యదే తప్పని అతన్ని పనిలోంచి తీసేశారు. నేను నోరు విప్పలేదు. జగ్గయ్య పని కోసం రోజూ పొద్దున్నే వచ్చి గుడారాల ముందు నిలబడేవాడు. నేను కనబడితే నమస్కారం పెట్టేవాడు.

శుక్రవారం మాస్టారికి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. జరిగిందంతా గుంట నోటుబుక్కులో నా చేత్తోనే రాయించి సంతకం పెట్టించారు. జగ్గయ్యకి కబురుపెట్టి పనిలోకి పిలిచారు. నా సంగతి యూనివర్సిటీ తేలుస్తుందట. చదువు ఆగిపోతుందేమో నాన్నా. అమ్మకి ఇంకా చెప్పలేదు.

నిన్న పెద్దాసుపత్రికి వెళ్లి పోతమ్మ మంచం పక్కన నిలబడి, తప్పు నాదని చెప్పాను. ఆమె ఇలా అంది:

“నువ్వు తొలసడం నాను సూసేనమ్మా. పడిపోద్దేమో అని సెప్దావనుకున్నాను. సదువుకున్నదానివి, నీకు తెల్దేటి అని దిగిపోనాను.”

యూనివర్సిటీ భయం కూడా ఆ మాట ముందు నిలవలేదు. పోతమ్మ మళ్లీ నడుస్తుందో లేదో డాక్టరు చెప్పలేనన్నారు. రేపటినుంచి ఆమె దగ్గరే ఉంటాను. వద్దంటే వార్డు బయట కూర్చుంటాను.

ఎంత కోపంగానైనా సరే, జవాబు రాయండి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి
గౌరీశ్వరి